డిటెక్టివ్ మేనత్తను జైల్లో పెట్టిన వారం

నాంచారమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని నూజివీడు మామిడి షెడ్లలో అందరికీ తెలుసు. ఆ కోపంలో ముప్పాతిక వంతు న్యాయమైనదేనని కూడా తెలుసు. కానీ ఒప్పుకోవడానికి ఒక్కరికీ నోరు రాదు. మగవాడు గొంతు పెంచితే ఖచ్చితమైన మనిషి, ఒంటరి ఆడది పెంచితే గయ్యాళి. ఎవడు పెట్టాడో గానీ ఈ రివాజు, వాడి నోట్లో మన్ను పడ!

ఆమె నారాయణరావు గారి షెడ్డులో పెట్టెలు సర్దేది. తోటల నుంచి వచ్చిన కాయను ఏరి, చెక్కపెట్టె అడుగున పాత కాగితం పరిచి, పైన వరిగడ్డి వేసి, వరసలుగా కాయ పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మూత కొట్టేవాళ్ళకు అందించాలి. చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకునేది కాదు. వినేవాళ్ళు లేకపోతే కాయలతోనే మాట్లాడేది. "నీకేం తొందరొచ్చిందే, అప్పుడే పండి కూర్చున్నావు? నాగపూరు దాకా ఆగలేవా?" అని బంగినపల్లిని నిలదీసేది. మచ్చ పడిన రసం కాయను చూస్తే, "పైకి పెళ్ళికూతురులా ఉన్నావు, లోపలి సంగతి నాకు తెలీదనుకున్నావా?" అని పక్కన పడేసేది. పక్కవాళ్ళు నవ్వితే వాళ్ళకూ నాలుగు అక్షింతలు పడేవి.

ఇది ఎనభైల నాటి మాట. ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. షెడ్డు జనానికి ఉన్న వినోదమల్లా గురువారం వచ్చే వారపత్రిక, అందులో డిటెక్టివ్ ప్రభంజన్ సీరియల్. దాన్ని చదివి వినిపించేవాడు యలమంద. వాళ్ళలో నాలుగు ముక్కలు చదవగలిగింది అతనొక్కడే. బాపులపాడు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి, నాంచారమ్మను అక్కా అని పిలిచేవాడు. షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. యలమంద చదువుతున్నంతసేపూ అతని వాటా పెట్టెలు మిగతావాళ్ళు పంచుకుని సర్దాలి. చదవడం ఆపితే అతనూ నడుం వంచాలి. నారాయణరావు గారు కూడా అభ్యంతరం చెప్పలేదు. కథ నడుస్తుంటే చేతులు ఇంకా చురుగ్గా ఆడతాయని ఆయన కనిపెట్టాడు, వ్యాపారస్తుడు మరి.

ప్రభంజన్ హంతకులను పట్టుకునే తీరు బాగానే ఉండేది. అయితే షెడ్డులో ఆడవాళ్ళకు ప్రాణమంతా ఆయన ఇంటి గొడవల మీదే. తండ్రి రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయన పచ్చజెండా ఊపితే గానీ ఇంట్లో ఎవరూ అన్నం ముద్ద నోట్లో పెట్టకూడదు. బాబాయి తనతో తనే పేకాడి, ఓడిపోయి, అలిగి అటకెక్కి కూర్చునేవాడు. వీళ్ళందరికీ మొగుడు మేనత్త జగదాంబ. భర్త పోయినా ఒకరి పంచన చేరకుండా బతికిన మనిషి. బజారుకు వెళ్తే వంకాయలతో పేచీ పెట్టుకునేది. పోలీసులు తలలు పట్టుకున్న కేసును ఒక్క తువ్వాలు వాసన చూసి తేల్చేసేది. "వీడింత పొద్దున్నే తలంటుకున్నాడంటే ఏదో కడిగేసుకోవడానికేరా ప్రభూ" అంటే ఇక అంతే, హంతకుడు దొరికినట్టే.

వారమంతా దీని మీదే చర్చ. అటకెక్కిన బాబాయే దొంగనోట్ల ముఠాకు నాయకుడని కృష్ణవేణి వాదించేది. ఆమె నాంచారమ్మ పక్కనే కూర్చుని సర్దే మనిషి, అనుమానాల పుట్ట. స్టేషన్ మాస్టరుకు ఏదో జంక్షన్లో ఇంకో సంసారం ఉందని ఒకరు, జెండా ఊపేది ఆవిడ గుర్తొచ్చినప్పుడేనని ఒకరు. "మీ బుద్ధులు తగలెయ్య, ఎంతసేపూ సంసారాలు, ముఠాలేనా?" అని నాంచారమ్మ లేచేది. "వచ్చే కథలో జగదాంబకు ఆఫీసులో కుర్చీ వెయ్యాలి. బోర్డు మీద ఆవిడ పేరు పైన ఉండాలి. అంతే!" జగదాంబ మాట వస్తే చాలు, ఆమె ముఖం వెలిగిపోయేది.

అలాంటిది, మే నెలలో ఒక గురువారం యలమంద గొంతు సవరించుకుని పిడుగులాంటి మాట చదివాడు. పక్కింటివాళ్ళ బంగారు గొలుసు పోయింది. ఆ ఇంటికి వచ్చిపోయే ఒంటరి ఆడది జగదాంబే కాబట్టి ఆమె మీద పడ్డారు. పోలీసులు వచ్చి నడివీధిలో నడిపించుకుపోయారు. చివరికి ప్రభంజన్ కూడా, "నిజం చెప్పు అత్తా, తీశావా?" అని అడిగాడు. అక్కడితో ఆ వారం భాగం అయిపోయింది.

నాంచారమ్మ చేతిలో కాయ జారి గడ్డిలో పడింది.

ఆమె వయసులో ఉన్నప్పుడు రెడ్డిగూడెంలో ఒక తోటయజమాని ఇంట్లో పనికి వెళ్ళేది. ఆ ఇంటి గొలుసు పోయిందని పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆమెను పోలీస్ స్టేషన్లో నేల మీద కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళంతా చూశారు. ఇంటికొస్తే భర్త ఎదురొచ్చి అడిగిన మొదటి మాట, "నిజం చెప్పు, తీశావా?" అని. తర్వాత ఆ గొలుసు తోటయజమాని గడ్డివాములోనే దొరికింది. ఆ సంగతి ఊళ్ళో గుసగుసగా తిరిగింది తప్ప ఒక్కరూ పైకి అనలేదు. పైగా నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. గొలుసు నాంచారి అనే పేరు మాత్రం ఆమెకు అంటుకుపోయింది. భర్త పోయాక ఆ పేరు వినలేకే ఆమె నూజివీడు చేరింది. ఇప్పుడు జగదాంబకూ అదే జరిగితే, ఆడదాని బతుకు కథల్లో కూడా ఇంతే కాబోలనుకుంది.

"ఎవడ్రా ఈ రాసేవాడు? వాడి చేతులు పడిపోను! అంత మనిషిని, దొంగల్ని పట్టిచ్చే మనిషిని, దొంగంటాడా? మేనల్లుడికి సిగ్గు లేదా, తీశావా అని అడగడానికి?"

"కథ అక్కా, ఊరుకో" అన్నాడు యలమంద, ఆమె వంక చూడకుండా.

"ఏం కథ! అందరికీ అలుసు దొరికేది ఒంటరి ఆడదే!"

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. మళ్ళీ గురువారం వచ్చేసరికి ఏం జరిగిందంటే, ఏం చెప్పమంటారు, ఆ షెడ్డుల్లో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు జరిగింది. యలమంద పత్రిక తెచ్చి, టీ తాగడానికి వెళ్తూ పాతకాగితాల దొంతర మీద పెట్టాడు. బయట లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాంచారమ్మ ఆ తొందరలో దొంతర మీద కాగితాలు చరచరా చింపి పెట్టెల అడుగున పరిచేసింది. చదువురాని చేతికి ఏ కాగితమైనా ఒకటే. యలమంద వచ్చి వెతికేసరికి ప్రభంజన్ బంగినపల్లి కాయల కింద పడి నాగపూరు దారి పట్టాడు.

ఆడవాళ్ళంతా ఆమె మీద విరుచుకుపడ్డారు. "చింపింది నువ్వే, పరిచింది నువ్వే! ఇప్పుడు జగదాంబ గతేంటో ఎట్టా తెలుస్తది?" అని కృష్ణవేణి దులిపేసింది. విచిత్రమేమిటంటే యలమంద మాత్రం ఏమీ బాధపడలేదు. "పోనీలే, వచ్చే వారం చూద్దాం" అన్నాడు హాయిగా.

"వచ్చే వారమా? అందాకా ఆవిడ జైల్లో కూర్చోవాలా?" అని నాంచారమ్మ ఒంటికాలి మీద లేచింది. పని దిగగానే చీర దులుపుకుని, చేతుల జిడ్డు కూడా వదిలించుకోకుండానే బజారుకు బయల్దేరింది.

బజారులో మురళీకృష్ణ అనే ఆయనకు అద్దెపుస్తకాల కొట్టు ఉంది. ఊళ్ళో ప్రభంజన్ అభిమానులంతా సాయంత్రం అక్కడే చేరేవాళ్ళు. ఆమె వెళ్ళేసరికి బల్ల మీద కూర్చున్న కళ్ళజోడు గుమాస్తా ఒకాయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"నా మాట రాసిపెట్టుకోండి. ప్రభంజన్ జమీందారు బిడ్డే. మెడలో ఆ లాకెట్టు ఊరికే పెట్టాడంటారా రచయిత? వచ్చే సీరియల్లో ఆ గుట్టు బయటపెడతాడు చూడండి."

"జమీందారూ లేదు గిమీందారూ లేదండీ. ఈ సీరియల్లో వస్తున్న ఆ స్మగ్లరే ఈయన తండ్రి" అన్నాడు పక్కనున్నాయన.

నాంచారమ్మ ఆగలేకపోయింది. "అదేంటండీ, వాళ్ళ నాన్న స్టేషన్ మాస్టరు కదా!"

అందరూ తల తిప్పారు. "ఏంటమ్మా, ఏం కావాలి?" అన్నాడు మురళీకృష్ణ.

"ఈ వారం పుస్తకం పొరపాటున మా పెట్టెల్లోకి పోయిందండీ. జగదాంబను వదిలారా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు."

"జగదాంబ ఎవరు?"

"ప్రభంజన్ బాబు మేనత్తండీ. గొలుసు తీసిందని జైల్లో పెట్టారుగా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బల్ల విరిగేలా నవ్వారు. మురళీకృష్ణ నవ్వు ఆపుకుంటూ, "ప్రభంజన్‌కి అత్తా లేదు, మామా లేడు తల్లీ. అనాథాశ్రమంలో పెరిగాడు, మొదటి సీరియల్లోనే ఉంది. ఇప్పుడు కథంతా హాంకాంగులో నడుస్తోంది. నీ చెవిలో ఎవరో పువ్వు పెట్టారు" అన్నాడు.

"పువ్వేంటి, పూలతోటే పెట్టారు" అన్నాడు గుమాస్తా.

నాంచారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏవండీ, లాకెట్టు చూసి జమీందారు బిడ్డని మీరంటే అది తెలివా? ఆ రాసేవాడు రాయనిది మీరూ చెబుతున్నారు, నేనూ చెబుతున్నాను. నవ్వు మాత్రం నా మీదేనా?" అని వెనక్కి తిరిగింది. నోరైతే గెలిచింది గానీ దారి పొడుగునా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. జగదాంబ లేదట. అసలు పుట్టనే లేదట. ఇన్నాళ్ళూ తనకు దగ్గరైన ఒక్క మనిషినీ ఎవరో లాగేసుకున్నట్టు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకే కోపం తన్నుకొచ్చింది, ఎవరి మీదో కూడా తెలిసిపోయింది.

మర్నాడు షెడ్డులో అందరూ కూర్చున్నాక ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏరా యలమందా, ప్రభంజన్‌కి మేనత్త లేదటగా?"

యలమంద ముఖం పాలిపోయింది. తప్పించుకునే దారి లేదని తెలిసి నెమ్మదిగా నోరు విప్పాడు. "అసలు కథ వారానికి రెండు పేజీలేనక్కా. ఒక బీడీ కాలేలోపు అయిపోద్ది. అయిపోతే మళ్ళీ వంగమంటారు, నా నడుం సంగతి నీకు తెలుసుగా. అందుకని వాళ్ళ నాన్నను తెచ్చాను. మీరంతా నవ్వారు. నవ్వారని బాబాయిని తెచ్చాను."

"ఓరి నీ దుంపతెగ! మేం నీ పెట్టెలు సర్దింది నీ కోతలకా!" అంది కృష్ణవేణి.

"మరి జగదాంబ?" అంది నాంచారమ్మ.

"ఆవిడ కోత కాదక్కా. కాయలతో మాట్లాడే మనిషి ఈ షెడ్డులో ఇంకెవరున్నారు? ఆవిడ నువ్వే."

నాంచారమ్మ చేతులు నడుం మీంచి దిగాయి. తువ్వాలు వాసన చూసి దొంగను పట్టే మనిషి తనా? బోర్డు మీద పేరు రాయాలని తను కొట్లాడింది తన కోసమేనా? లోపల ఒక్క నిమిషం ఎంతో సంతోషమేసింది. ఆ వెంటనే రెండోది గుర్తొచ్చింది.

"అయితే జైల్లో పెట్టింది నన్నేనా? పోయినేడు వానకు పని ఆగిన రోజున, తమ్ముడివి కదా అని నీ ఒక్కడికే చెప్పుకున్నాను. నా మొగుడన్న మాట కూడా చెప్పాను. దాన్ని తెచ్చి నలుగురిలో చదువుతావా? ఆ స్టేషన్లో నన్ను మళ్ళీ కూర్చోబెడతావా?"

 రెడ్డిగూడెం సంగతి అప్పటిదాకా అక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆమె నోటితోనే తెలిసింది.

"తప్పేనక్కా. కథ రక్తి కడుతుందనుకున్నానే గానీ..." యలమంద తల దించుకున్నాడు. "ఇప్పుడే విడిపించేస్తాను. ప్రభంజన్ దొంగను పట్టుకుంటాడు, సరేనా?"

"ఎవడిక్కావాలిరా దొంగ? గొలుసు దొరికింది. దొరికిందని అందరికీ తెలుసు. ఒక్కడంటే ఒక్కడు నా ఎదటికొచ్చి నువ్వు తియ్యలేదు అన్నాడా? ఆ మాట అనకుండా జగదాంబ ఆ స్టేషన్ గడప దిగడానికి వీల్లేదు!"

 యలమంద దొంతరలోంచి చేతికందిన కాగితం లాగాడు. అందులో ఉన్నది ఎరువుల ప్రకటన. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. కృష్ణవేణి మారుమాట లేకుండా అతని పెట్టెను తన ముందుకు లాక్కుని గడ్డి వేసింది.

"...వీధి వీధంతా స్టేషన్ ముందుకొచ్చింది. గొలుసు పోయిన ఇంటాయన భుజం మీద కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరూ వినేట్టు అన్నాడు. జగదాంబమ్మా, గొలుసు మా గడ్డివాములోనే దొరికింది. నువ్వు తియ్యలేదు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాం. తప్పు మాది."

 నాంచారమ్మ కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"పేరు తప్పు చదివావు" అంది. "మళ్ళీ చదువు. గట్టిగా."