రంగు పోయిన చేప, భాగ్యక్క

చేపల మేత డబ్బా మూత తీయగానే ఎండు రొయ్యల వాసన గుప్పుమంటుంది. కోరుట్లలో నా దుకాణానికి వచ్చేవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం భాగ్యక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం మేత వేస్తుండగా ఒకావిడ ఫోన్ చేసింది. నిన్న కొన్న ఎర్ర చేప తెల్లబారిందట, మందు కావాలట. "మేత తింటున్నదా అమ్మా?" అని అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు, భాగ్యక్కది.

ఆమెకు జగిత్యాలలో అక్వేరియం దుకాణం ఉండేది. మాది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. పవర్‌లూమ్ పని తగ్గిపోయిన రోజుల్లో మేనత్త ఇంట్లో ఉంటూ అక్క దగ్గర పనికి కుదిరాను. చేరిన కొత్తలోనే హైదరాబాదు నుంచి ఎర్రటి పారెట్ చేపలు వచ్చాయి. తెల్లారి చూద్దును కదా, ఒక్కటి తప్ప అన్నీ ఉతికి ఉతికి వెలిసిన తువ్వాళ్లలా ఉన్నాయి. మా ఇళ్లలో రంగు దిగిందంటే ఒక్కటే అర్థం, అద్దకం మంచిది కాదని. నేను తొట్టిలో చెయ్యి ముంచి, అరచేతికి ఎరుపు అంటిందేమో కూడా చూసుకున్నాను.

"అక్కా, నిన్ను మోసం జేసిండ్రు. గిది కచ్చా రంగు" అన్నాను.

అక్క నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడింది. "చీర కాదే పిల్లా, చేప. గంత దూరం సంచిల వచ్చింది. కొత్త నీళ్లు, కొత్త జాగ. బెదిరితే రంగు తగ్గుతది, చీకట్ల పండుకున్నా తగ్గుతది. నిమ్మళమైతే మళ్ల వస్తది."

"మరి రోగమైతే ఎట్ల తెలుస్తది?"

"ఒక్క రంగు జూసి మందు పొయ్యకు. రెక్కలు ఒంటికి ముడుసుకున్నదా, పైకొచ్చి నోరు తెరుస్తున్నదా, ఉప్పు చల్లినట్టు చుక్కలున్నయా చూడు. అన్నిటికన్న ముందు మేత ముడుతున్నదా చూడు."

లైటు ఆర్పి తొట్టి మీద గుడ్డ కప్పింది. కొన్నాళ్లకు ఎరుపు దానంతటదే తిరిగొచ్చింది. అన్నిటిలోకీ ఒక చేప మాత్రం మొదటి నుంచీ నిగనిగలాడుతూ ఉండేది, మేత దగ్గరికి వచ్చేది కాదు. నేను దాన్నే మెచ్చుకుంటుంటే అక్క దాన్ని వేరే తొట్టిలో వేసింది. అది అంత ఎర్రగా ఉండి కూడా చచ్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అక్క భర్త దుబాయిలో ఉండేవాడు. ఇల్లూ దుకాణమూ ఆమే చూసుకునేది. ఒక ఎండాకాలం ఆమె బాగా సన్నబడింది. ముఖం మాత్రం కళకళలాడుతోంది. వచ్చినవాళ్లందరూ "ఏం డైటింగు జేస్తున్నవ్ భాగ్యా, మంచిగైనవ్" అని పొగిడేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు నన్ను కూడా నమ్మించింది.

ఒక మధ్యాహ్నం, తిన్నానని చెప్పి ఆమె పక్కన పెట్టిన టిఫిన్ డబ్బా జరపబోతే బరువుగా తగిలింది. మూత తీసి చూశాను. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. అక్క స్టూలు మీద భుజాలు ముడుచుకుని కూర్చుంది. షట్టర్ కిందికి లాగేశాను.

"ఏందే, గిరాకీ టైముల షట్టర్ గుంజుతవ్? రేపటి సంది పనికి రాకు!"

"రాను గని, ఇయ్యాల దవాఖానకు నడువు. నువ్వు తింటలేవు."

"నేనేమన్న చేపనా?"

"చేపైతే నువ్వు గిన్ని దినాలు ఊకుంటుంటివా అక్కా?"

ఆమె నా ముఖం చూసి చెప్పులు వేసుకుంది.

కరీంనగర్‌లో పరీక్షలు చేసి పేగులో గడ్డ ఉందన్నారు. వెంటనే ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమన్నాడు డాక్టరు. "ఇంతకాలం ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు.

అక్క మంచం మీద నుంచే చెప్పింది. "తిన్నవా అని అందరడిగిండ్రు సారూ. తిన్న అని చెప్పిన. ఈ పిల్లనే డబ్బా మూత తీసి చూసింది."

ఆ తర్వాత అక్క చాలా ఏళ్లు బతికింది. నా పెళ్లిలో నాకంటే ఎక్కువ తిన్నది. ఇప్పుడు లేదు. తిన్నవా అని మా వైపు దారిన పోయేవాళ్లను కూడా అడుగుతాం, జవాబు వినకుండానే ముందుకు పోతాం. నేను మాత్రం అడిగి అక్కడే నిలబడతాను.