డ్యూకుకు చెప్పిన జవాబు

యూనివర్సిటీలో పని ముగిసింది. కాకినాడ రైలుకు ఇంకా టైముందని తార్నాకలో పాత పుస్తకాల దగ్గర ఆగాను. ఒక ఇంగ్లీషు ప్రేమనవల చేతికొచ్చింది. వెనకటి లండన్, పొగరుబోతు డ్యూకు, అతనికి మాటకు మాట బదులిచ్చే పిల్ల. ఆమె జవాబుల కింద ఎవరివో పెన్సిల్ గీతలు, ఒకటి రెండింటి పక్కన టిక్కులు.

పక్కన పుస్తకాలు ఏరుతున్న నలభై దాటినావిడ తొంగి చూసింది.

"గివి హాస్టల్ పిల్లల గీతలక్కా. మేం గూడ గట్లనే చేస్తుంటిమి. నచ్చిన జవాబు కింద గీత. బయట ఎవరికన్న నిజంగ గట్ల జవాబు చెప్తెనే టిక్కు."

"మరి మీరెన్ని పెట్టారు?"

"గీతలైతే మస్తు గీసిన," అని నవ్వింది. "ఒక్క టిక్కన్న పెట్టాల్నని ఇంకా ఉన్నదక్కా," అంది.

రైల్లో నవల పూర్తి చేశాను. ఇంట్లో నేను మింగేసే మాటల్ని ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసిందో! ఒక జవాబు కింద గీత గీశాను. పెన్సిల్ ఇంకా ఆ పేజీలోనే ఉంది.