రెండో పార్టీ వాదన

బైబిల్లో ఎవరికి చివాట్లు పడినా వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవడం మా మామయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. అలాగని ఆయన వకీలేం కాడు. కోర్టు ఎదురుగా ఇరుకు గదిలో టైపు మిషను పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ అర్జీలు కొట్టీ కొట్టీ, చివరికి పరిశుద్ధ గ్రంథాన్ని కూడా కేసు కట్టలాగే చదవడం మొదలుపెట్టాడు.

ఆదివారం సాయంత్రాలు ఆయన ముందుగదిలో పదిమంది చేరి బైబిలు చదువుకునేవాళ్ళం. పుస్తకం ఒకటే గాని, అక్కడ ఎవరి బైబిలు వారిదే. దర్జీకి ఏ అధ్యాయంలోనైనా అంగీలే కనిపించేవి. హెడ్మాస్టరు శిష్యులకు మార్కులు వేసేవారు. పేతురు ఆయన దగ్గర ఎన్నడూ పాసు కాలేదు. మా పెద్దత్త ఏ హెచ్చరిక విన్నా "ఇది అచ్చం మా పక్కింటావిడ గురించే" అని తేల్చేసేది. వీళ్ళంతా ఒక ఎత్తు, మామయ్య ఒక్కడూ ఒక ఎత్తు.

ఒకసారి మార్త, మరియల కథ వచ్చింది. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింటుంది. మార్త ఇంటి పనితో సతమతమై విసుక్కుని మాట పడుతుంది. పాస్టరుగారు మరియను మెచ్చుకుంటూ ఉండగానే మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"రెండో పార్టీ వాదన రికార్డు కాలేదండీ."

"రెండో పార్టీ ఎవరండీ?" అన్నారు పాస్టరుగారు.

"మార్త. ఆవిడ కూడా కూర్చుండిపోతే అంతమందికీ వండేదెవరు? మీరా, నేనా?"

"ప్రభువు మాటకే అభ్యంతరమా, టైపిస్టుగారూ?"

"అయ్యో, తీర్పు ఆయనదే! వాదన కూడా వినమంటున్నానంతే."

వంటింట్లో మామయ్య భార్య, మా అత్త, అందరి టీ గ్లాసులూ కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి లోపలినుంచి చిన్న నవ్వు వినిపించింది.

ఇంకోసారి, దీపాల్లో నూనె చాలక పెళ్ళివిందు తలుపు బయట మిగిలిపోయిన బుద్ధిలేని కన్యకల వంతు. "పెళ్ళికొడుకు ఎందుకు ఆలస్యం చేశాడో ముందు అది తేల్చండి. వాయిదా ఆయన వేసుకుని, జరిమానా ఆడపిల్లలకా?" అన్నాడు మామయ్య. అందరికంటే గట్టిగా నవ్వింది బస్సు డ్రైవరు. పాపం, ఆ వారమే అతణ్ణి డ్యూటీకి రావద్దన్నారు.

మామయ్య చిన్నప్పుడు తమ్ముళ్ళ అల్లరికి కూడా తనే దెబ్బలు తినేవాడట. అందుకే బైబిలంతా తన కేసులాగే కనిపిస్తుందని ఇంట్లో అనుకునేవారు. నేనూ అదే నమ్మాను.

చివరికి పాస్టరుగారికి ఓపిక నశించింది. "ఇది దేవుని వాక్యమండీ, దావా కాదు. ఇకమీదట మీరు వింటే చాలు" అన్నారు. మామయ్య "చిత్తం" అని నోరు కట్టేసుకున్నాడు. ఆ తర్వాత మా కూటం చప్పబడిపోయింది. ఎవరికి చివాట్లు పడినా అందరం ఆయన వైపు చూడడం, ఆయన పైకప్పు చూడడం. ప్రభువును పట్టించిన యూదా పేరు వచ్చిన రోజున అత్త ముందుజాగ్రత్తగా ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చాడు కలప అడితి యజమాని, మా సంఘపెద్ద. మందిరానికి తానిచ్చిన ఫ్యాన్ల మీద తన పేరు రాయించలేదని ఆయనకు పాస్టరుగారి మీద కడుపుమంట. ఆ రోజు తనే చదువుతానని, యెహెజ్కేలు గ్రంథంలో మందను మేపకుండా తమ కడుపు నింపుకున్న కాపరుల అధ్యాయం తీశాడు. పాస్టరంటే సంఘానికి కాపరే కదా, మాట మాటకూ ఆగి పాస్టరుగారిని చూశాడు.

"విన్నారుగా? ఈయన్ని పంపించేయమని తీర్మానం చేద్దాం. చేతులెత్తండి."

పాస్టరుగారు తల దించుకున్నారు. గుమ్మం దగ్గర ఆయన భార్య పసిబిడ్డను గట్టిగా హత్తుకుంది. వాళ్ళు ఉంటున్న ఇల్లు కూడా సంఘానిదే.

మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"పాస్టరుగారూ, మీ ఉత్తర్వు ఇంకా అమల్లో ఉంది. మాట్లాడొచ్చా?"

పాస్టరుగారు తలెత్తకుండానే ఊఁ అన్నారు.

"కాపరుల మీద ఫిర్యాదు విన్నాం. గొర్రెల్ని ఎవరైనా విచారించారా? అయ్యా, మీ కాలు విరిగినప్పుడు ఆస్పత్రిలో మీ మంచం పక్కన కింద పడుకున్నదెవరు?"

"అది వేరు సంగతి" అన్నాడు అడితి యజమాని.

"పోనీ, అదే అధ్యాయం కాస్త కిందికి చదవండి. బలిసిన గొర్రెలు బక్కవాటిని భుజాలతో నెట్టేశాయని కూడా ఉంది."

అడితి యజమాని అప్రయత్నంగా పొట్ట మీది గుండీ సవరించుకున్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

గ్లాసులు తీసుకెళ్తున్న అత్త ఆగి మామయ్యను చూసిన చూపుతో నాకప్పుడు వెలిగింది. మార్త రోజున ఆవిడ వంటింట్లో ఉంది. కన్యకల రోజున, దారిలో డీజిలు అయిపోయి బస్సు ఆపేసినందుకు ఉద్యోగం ఊగిసలాడుతున్న డ్రైవరు వెనక కుర్చీలో ఉన్నాడు. మేమంతా పుస్తకంలో మమ్మల్నే వెతుక్కునేవాళ్ళం. మామయ్య మాత్రం చదువుతున్నంతసేపూ గదిలో ఎవరి తల వంగిందా అని చూసేవాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

"నీదీ పక్షపాతమే కదా మామయ్యా?" అన్నాను, అందరూ వెళ్ళాక.

"కాదని ఎవడన్నాడ్రా? ఎలాగూ ఎవరో ఒకరి పక్షాన చదువుతాం. తల దించుకున్నవాడి పక్షమైతే ఏం పోయింది?"

మరుసటి ఆదివారం పాస్టరుగారు మిగిలిన అధ్యాయం తీశారు. బలిసిన గొర్రెల వంతు వచ్చింది. అడితి యజమాని ఆఖరి కుర్చీలో ముడుచుకుని, చెప్పుల వంక చూసుకుంటున్నాడు. పాస్టరుగారు చదవడం ఆపి, పుస్తకం మీదుగా మామయ్యను చూశారు.

"టైపిస్టుగారూ, ఏమైనా చెబుతారా?"

"రెండో పార్టీ వాదన రికార్డు కాలేదండీ" అన్నాడు మామయ్య లేచి నిలబడి. "గొర్రె బలిసిందంటే కాపరి బాగా మేపాడన్నమాట. ఇద్దరి మీదా కేసు కొట్టేయండి."