పొడపత్రి పొడి, నాలుక మీద బెల్లం

చక్కెర జబ్బుకు పొడపత్రి ఆకు పొడి పనిచేస్తుందో లేదో తేల్చడానికి తిరుమణిలో ఒక పరీక్ష జరిగింది. ఇంటింటికీ తిరిగి పొట్లాలు పంచడం నా పని. సగం మందికి అసలు పొడి, సగం మందికి అదే రంగులో ఉత్త పొడి. ఏది ఎవరిదో తినేవాళ్లకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానొద్దని అందరికీ చెప్పాం.

తెలియకుండా ఉండటానికి మావాళ్లు అంత అమాయకులా? పొడపత్రి నమిలితే కాసేపు తీపి తెలియదని ఇక్కడ గొర్రెలు కాసిన ప్రతివాళ్లకూ తెలుసు. సోలార్ ప్లాంటులో గడ్డి కోసే ఆడవాళ్లు పొడి వేసుకుని, పైన బెల్లం ముక్క చప్పరించి, ఎవరిది ఏదో తేల్చేసుకున్నారు. వాళ్లలో మా పెద్దమ్మ ఒకతె.

"నాకు బెల్లం తియ్యగానే ఉండాది పాపా. నాది ఉత్త పొడే. పక్కింటామెకు మన్ను నమిలినట్ల ఉండాదంట. అందుకే ఆమెది సగం నేను తీసుకుని, నాది సగం ఆమెకిచ్చినా" అంది, కూర గిన్నె మార్చుకున్నంత మామూలుగా.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. వెంటనే ఈ పరీక్ష నడిపే మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన తలూపారు. తీరా పరీక్ష ముగిశాక పావగడలో తన ఆఫీసులో ఆయన రిపోర్టు చూపిస్తే, ఎవరు ఏ పొడి తిన్నారో చివరిదాకా ఎవరికీ తెలియదని ఉంది. పొడి బాగా గుణమిచ్చిందనీ ఉంది.

"బెల్లం సంగతి యాడుంది సార్?"

"అదంతా రాస్తే ఎవరు అచ్చేస్తారమ్మా?"

"రాయకపోతే మావాళ్లు మాత్రలు మానేస్తారు సార్."

ఆయన ఫోను తీసుకున్నారు. నేను బయటికొచ్చి బజారంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఎక్కిన బస్సు దిగేశాను. మళ్లీ లోపలికి వెళ్లి, బెల్లం సంగతీ, పొడి మార్చుకున్న సంగతీ నేనే రాసి ఆయన బల్ల మీద పెట్టాను. చేరుస్తానని ఆయన అనలేదు, చేర్చననీ అనలేదు.

తిరుమణి చేరేసరికి పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. రిపోర్టు ఇంకా అచ్చే కాలేదు, మాట మాత్రం అప్పటికే ఊరు చేరింది.

"పొడి పనిచేసిందంట గదా?"

"తెలీదు పెద్దమ్మా. మీరు కలుపుకుని తినేసినారు, ఇంక ఎవురు చెప్తారు?"

"నేను చెప్తా. మాత్రలు మానేసి శానా దినాలాయె, నాకేమయింది చూడు!"

చూశాను. కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమైందని అడిగాను.

"ఏం లేదులే, ప్యానెళ్ల కింద ముల్లు గుచ్చుకున్యాది" అంది. "ఎందుకో ఈసారి మానడమే లేదు."