బావ నడుముకు రిషికేశ్ వైద్యం

యోగా నేర్చుకోవాలంటే అది పుట్టిన చోటికే పోవాలని మా బావ ఫోన్లో ఒక వీడియో చూసి తేల్చుకున్నాడు. బావ అంటే మా అక్క భర్త. మోత్కూర్‌లో గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. చాన్నాళ్ళుగా నడుము నొప్పి. ఈ మధ్య ఎడమ కాలు మొద్దుబారుతోంది. నల్లగొండ డాక్టరు ఆపరేషన్ అన్నాడు, ఆలస్యమైతే కాలు పనిచేయదని కూడా అన్నాడు. ఆ రెండో మాట పూర్తికాకముందే బావ బయటికొచ్చేశాడు. అక్క నన్ను తోడు పంపింది.

సాయంత్రం నాలుగింటి బస్సులో మోత్కూర్ వదిలి, రాత్రి స్టేషన్‌లోనే పడుకొని, మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్‌లో ఢిల్లీ రైలెక్కాం. అక్క కట్టిచ్చిన సర్వపిండి కాజీపేట దాకా కూడా రాలేదు. ఎదుటి సీట్లో మహబూబ్‌నగర్ పెద్దమ్మ ఒకావిడ సంగతంతా విని, "నడుము నొస్తదని గింత దూరం కూసొని పోతాండ్రా బిడ్డా?" అంది. బావ నాగపూర్ దాకా కిటికీలోంచే చూశాడు.

ఢిల్లీ నుంచి బస్సు. రిషికేశ్‌లో దిగేసరికి ఉన్న నడుము కూడా పోయింది. ఆశ్రమంలో రెండు చెక్క మంచాల గది, ఉల్లిపాయ లేని భోజనం. పోదలచినవారు పచ్చడి డబ్బా వెంట ఉంచుకోండి.

గురువుగారి పాదాలు తాకడానికి విదేశీయులు వరుస కట్టారు. మా వంతు రాగానే ఏ ఊరని హిందీలో గంభీరంగా అడిగారు. మోత్కూర్ అన్నాను. అక్కడితో ఆపితే ఆయన గురుత్వం నిలబడేది. మనవాళ్ళకు ఆగడం రాదు.

"ఇంటిపేరేంది?" అనేశారు, తెలుగులో.

బావ చెప్పాడు.

"అరె! మా కల్వకుర్తి చిన్నమ్మ బిడ్డనిచ్చింది మీ అన్నకే గదా! నువ్వు నాకు బావవు!"

మన దగ్గర బామ్మర్ది కనిపిస్తే బావ నోరు ఊరుకోదు. పాదాల దగ్గరి నుంచి లేచి, "గడ్డం కిరాయిదా బామ్మర్దీ, సొంతమేనా?" అన్నాడు. వెనక విదేశీయులు అది మంత్రమనుకొని తలలు వంచారు.

బావ నడుము, కాలు సంగతి గురువుగారికి ఆ రాత్రే చెప్పాను. మర్నాడు ఆరింటికి తరగతి. ముందుకు వంగమని గురువుగారు అన్నప్పుడల్లా, "నువ్వు వంగి సూపెట్టు బామ్మర్దీ" అని బావ. చివరికి ఆయన మా ఇద్దర్నీ పక్క గదిలోకి పిలిచి, తలుపు వేసి, కాషాయం పైకెత్తి వీపు చూపించారు. నడుము మీద జానెడు కుట్ల మచ్చ.

"నేను వంగలేను బావా. నాది గూడ గదే రోగం. ఆసనాలతోనే పోతదని ఆగిన. పాదంల సత్తువ పోయింది, ఆపరేషన్ చేపిచ్చుకున్నా మల్ల రాలే. నీది ఇంకా మొద్దే గద? ఆగకు, పో."

"మరి గిదంతా ఏంది?" అన్నాడు బావ, బయట వంగుతున్న జనాన్ని చూపిస్తూ.

"గిదంతా వాళ్ళకు. నువ్వు మనోడివి."

ఆ మధ్యాహ్నమే తిరుగు బస్సెక్కాం. రైల్లో కింది బెర్తు మీద పడుకొని బావ అక్కకు ఫోన్ చేశాడు: "ఆపరేషన్ దినం అడుగుపో." యోగా పుట్టినింటి నుంచి ఒక్క ఆసనమూ వేయకుండా వస్తున్నాం. ప్రయాణం దండగ అని మాత్రం అనను.

"నేను గూడ నీ బామ్మర్దినే గద బావా. గదే మాట నేను ముందే చెప్పిన" అన్నాను.

బావ దుప్పటి కప్పుకున్నాడు.

"నువ్వు మోత్కూర్ల చెప్పినవ్ గద."