దిగేవాళ్ళ బోర్డు

మదనపల్లెలో మా పక్క షాపు షట్టరుకు ఈ పొద్దున పెయింటు వేస్తున్నారు. ఆ ఎనామిల్ వాసనకు అందరికీ తలనొప్పి వస్తుందేమో గానీ, నాకు మాత్రం కోపం వస్తుంది. ఇంద్రాణి మేడం గుర్తొస్తారు. పుంగనూరులో బోర్డులు తయారుచేసే షాపు ఆమెది. నేను పని నేర్చుకున్నది ఆమె దగ్గరే. మెత్తగా మాట్లాడడం ఆమెకు చేతకాదు. నాకూ అబ్బలేదు.

కుప్పం అవతల అడవిలో, పాత కోట ఉన్న కొండను పార్కు చేశారు. దారి చూపే బోర్డుల పని మాకిచ్చారు. మేడం నన్ను కంప్యూటరు ముట్టనివ్వలేదు, ముందు కొండ ఎక్కించారు. కోట గోడల దగ్గర కాసేపు కూర్చోనిచ్చి, "ఇప్పుడు నువ్వు ముందు నడువమ్మా, నేను ఎనక వస్తా" అన్నారు. దిగుతుంటే ఒకచోట దారి రెండుగా చీలింది. నేను ధీమాగా కుడివైపు తిరిగాను. కొంతదూరం పోయాక భుజం పట్టి ఆపారు. ఎదురుగా ఎవరో తవ్వి వదిలేసిన గ్రానైట్ క్వారీ. అడుగున పచ్చటి నీళ్ళు.

"సూసినావా? ఎక్కేటప్పుడు ఈ చీలిక నీ కంటికే ఆనలేదు. దిగేటోళ్ళకు ఇది కొత్త దారి. బోర్డుకు రెండు పక్కలా బాణం ఉండాల" అన్నారు.

అలాగే చేసి నాటించాం. పార్కు ఆఫీసరుకు మాత్రం ఆ మాట తలకెక్కలేదు. "ఎక్కినోళ్ళకు దిగేది తెలీదామ్మా? ఓపెనింగ్‌కు సార్ వస్తాండారు. ఎనకపక్క ఆయన ఫోటో ఏస్తాం" అన్నాడు. మేడం ఎంత పోట్లాడినా వినలేదు. బోర్డులకు వెనకపక్క మేం వేసిన బాణాల మీద ఆ సార్ అనే నాయకుడి ఫోటో అతికించారు. దారి వెతుక్కుంటూ దిగివచ్చేవాళ్ళకు ఆ పెద్దమనిషి నవ్వుతూ దండం పెడుతున్నాడు, సిగ్గు లేకుండా.

పార్కు తెరిచిన కొన్నాళ్ళకు శాంతిపురం నుంచి రెడ్డెప్ప అనే రైతు భార్యతో వచ్చాడు. ఆమె మోకాళ్ళ నొప్పులతో గేటు దగ్గరే కూర్చుంది. అతను ఒక్కడే కోట చూసి, పొద్దు వాలాక దిగుతూ కుడివైపు తిరిగాడు. మర్నాడు క్వారీ నీళ్ళలో శవం తేలింది.

సంగతి తెలిసిన రోజే మేడం ఎనామిల్ డబ్బా పట్టుకుని కొండెక్కారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ నవ్వుమొహం మీదుగా ఎడమవైపుకు ఎర్రటి బాణం గీశారు. కేసు పెడతామని ఆఫీసరు బెదిరించాడు, క్షమాపణ చెబితే వదిలేస్తానన్నాడు. మేడం చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఆఫీసూ మాకు పని ఇవ్వలేదు.

కొన్నాళ్ళకు రెడ్డెప్ప భార్య మా షాపుకొచ్చింది. "అందరూ నా ఖర్మ అంటాండారు మేడం. ఆ బాణం అప్పుడే కనపడుంటే ఆయన వచ్చుండునా?" అని అడిగింది. నేనేదో సర్దిచెప్పబోయాను. మేడం చెయ్యెత్తి నన్ను ఆపారు.

"వచ్చుండునమ్మా. నీ ఖర్మ కాదు. మేం పెట్టినాం, వాళ్ళు మూసేసినారు. కోర్టుకైనా సరే, యాడికి రమ్మన్నా వచ్చి ఇదే మాట చెప్తా."

రెడ్డెప్ప భార్య బెంచీ మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. మేడం పక్కన కూర్చుని, ఊరుకోమ్మా అనకుండా ఆమెను ఏడవనిచ్చారు.

మేడం పోయి చాన్నాళ్ళయింది. ఇలాంటి చావు జరిగిన ఇంటికి పలకరింపుకు పోయినప్పుడు ఎవరైనా ఖర్మ అంటే, ఇప్పటికీ నేను ఊరుకోలేను. ఆ ఖర్మ పేరేంటో, ఏ ఆఫీసులో ఏ కుర్చీలో కూర్చుంటుందో చెప్పమంటాను. చాలామందికి నేనంటే పడదు. పడకపోతే పోనీ.