నైంటీ ఎయిట్ పోస్తే కుదుపు పోయిందన్నాను

సింగపూర్‌లో మా తెలుగువాళ్ల మధ్య నాకొక పేరుంది. బండికి ఏ పెట్రోలు మంచిదో తెలిసినవాణ్ణని. అసలు సంగతి తెలియనివాళ్లు కొత్తగా కారు కొంటే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు. ఆ పేరు నాకెలా వచ్చిందో, దాన్ని నిలబెట్టుకోవడానికి ఏం చేశానో చెప్పాలి. నా భార్య కారు నడపడం మానేసింది ఆ పేరు వల్లే. బయటివాళ్లు మాత్రం ఆవిడకే డ్రైవింగ్ మీద ఇష్టం పోయిందనుకున్నారు. అది నిజం కాదు.

నా ఉద్యోగం జురాంగ్ ఐలాండ్‌లో. దీవి నిండా ట్యాంకులు, పైపులు, మంట కక్కే పొడవాటి గొట్టాలు. పాస్ లేనిదే ఎవర్నీ లోపలికి రానివ్వరు. అందుకని లోపలికి వెళ్లేవాళ్లందరూ పెట్రోలు వండేవాళ్లేనని బయటివాళ్లు అనుకుంటారు. మా ప్లాంటులో తయారయ్యేవి ప్లాస్టిక్ గుళికలు. అందులోనూ నేను చూసేది చల్లటినీళ్ల పంపులు. పెట్రోలుతో నాకున్న సంబంధం అందరికీ ఉన్నదే, బంకు దాకా. కానీ ఐటీలోనూ బ్యాంకుల్లోనూ పనిచేసే మిత్రులు "మీరు ఆ ఫీల్డే కదా సార్, చెప్పండి" అంటే కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తల ఊపడం మొదలుపెట్టాను. తర్వాత ఉపన్యాసాలే ఇచ్చాను.

మేము బుకిట్ పంజాంగ్‌లో ఉంటాం. చుట్టుపక్కల బ్లాకుల్లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ నెలకోసారి ఎవరో ఒకరి ఫ్లాట్‌లో కలుస్తాం. తలా ఒక వంట తెస్తారు. ఆడవాళ్లు వంటింటి గుమ్మం దగ్గర, మగవాళ్లు టీవీ ముందు. ఇక్కడి బంకుల్లో పెట్రోలు నైంటీ ఫైవ్, నైంటీ ఎయిట్ అని అంకెలతో అమ్ముతారు, అంకె పెరిగితే ధర పెరుగుతుంది. దాని మీద నా ప్రసంగం ఇలా సాగేది:

"నైంటీ ఫైవ్ అంటే డాల్డా అనుకోండి. నైంటీ ఎయిట్ అంటే నెయ్యి. అన్నం రెండిటితోనూ దిగుతుంది. ఒంటికి పట్టేదేది?"

"అబ్బ, ఏం చెప్పారు సార్!" అనేవారు. మర్నాడే ఒకరిద్దరు నెయ్యి పోయించుకునేవారు. బండి తేలిపోతోందని మెసేజ్ కూడా పెట్టేవారు. వాళ్లకలా అనిపించి ఉంటుంది. నాకూ అనిపించేది.

నా భార్య గురించి చెప్పాలి. ఆవిడ కాకినాడలో స్కూటీ మీద కాలేజీకి వెళ్లిన మనిషి. ఇక్కడికొచ్చి, అమ్మాయి పుట్టి, అది కాస్త పెద్దదయ్యాక కారు నేర్చుకుంది. పార్కింగ్ దగ్గర పరీక్ష తప్పింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ తప్పింది. పాసైన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా సోఫాలో కూర్చుని తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే.

లైసెన్స్ వచ్చాక శనివారం పొద్దున్నే పక్క బ్లాకుల ఆడవాళ్లను ఎక్కించుకుని లిటిల్ ఇండియా వెళ్లేది. ఆదివారమైతే అక్కడ అడుగు పెట్టే చోటుండదు కదా. గోంగూర, కరివేపాకు, దోసకాయలు, ఒక్కోసారి మల్లెపూలు. కారు తిరిగొచ్చేసరికి లోపలంతా సంతలా వాసన వేసేది. వాళ్లు ఆవిణ్ణి పైలట్ అక్క అని పిలిచేవారు. భర్తలు డ్రైవింగ్ లైసెన్సులు జేబులో పెట్టుకుని నిద్రపోతుంటే, వీళ్లు ఊరు తిరిగి, దోసెలు తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు.

ఒకరోజు ఆవిడ వచ్చి చెప్పింది. "ఏవండీ, బండి ఎత్తు ఎక్కట్లేదు. యాక్సిలరేటర్ తొక్కితే కుదుపుతోంది. వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది."

"ఏం పోయించావ్?"

"నైంటీ ఫైవే. ఎప్పుడూ అదేగా."

"అదీ సంగతి," అన్నాను.

అలా అన్నప్పుడే నాకు తెలుసు, సంగతి అది కాదని. ముందుసారి సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడే వర్క్‌షాపువాళ్లు స్పార్క్ ప్లగ్గులు అరిగాయి, మార్చాలి అన్నారు. వచ్చే నెల చూద్దామన్నాను. ఆ నెల షిఫ్టులు, పై నెల ఇంకేదో. ప్లగ్గు సరిగ్గా నిప్పు రాజెయ్యకపోతే ఇంజను ఎత్తులో కుదుపుతుంది. పంపుల దగ్గర బతికేవాడికి ఆ మాత్రం తెలియదా? కానీ తప్పు నా బద్ధకానిది అని ఒప్పుకోవడం కన్నా ఆవిడ పోయించిన పెట్రోలుది అనడం తేలిక. పైగా నా ఉపన్యాసానికి సాక్ష్యం దొరికినట్టూ అయింది.

ఆ వారంలోనే ఆవిడకు చెప్పకుండా బండి తీసుకెళ్లి ప్లగ్గులు మార్పించాను. వస్తూ వస్తూ బంకులో ఆగి అన్నిటికన్నా ఖరీదైన నైంటీ ఎయిట్ నింపించాను. సాయంత్రం ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అప్పర్ బుకిట్ తిమా రోడ్డు ఎత్తు ఎక్కించాను. వెన్నలా వెళ్లింది.

"చూశావా? నైంటీ ఎయిట్ పోస్తే కుదుపు పోయింది."

ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "నాకు తెలీలేదండీ," అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నెల అందరం కలిసినప్పుడు ఆ కథ చెప్పాను. చెయ్యి తిరిగిన కథకుడిలా, బండి కుదుపుల్ని కుర్చీలో కూర్చుని నటించి మరీ. ఒక మిత్రుడు వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "వదినగారూ, ఈసారి కిరసనాయిలు కొట్టించి చూడండి! రాకెట్‌లా పోద్ది!" ఇల్లంతా నవ్వు. ఆవిడ కూడా నవ్వింది, చేతిలో పెరుగు గిన్నెతో.

ఆ తర్వాత ఆ మాట మా వాళ్ల నోళ్లలో నానిపోయింది. కారు దగ్గర ఆవిడ కనిపిస్తే చాలు, "ఇవాళ ఏం కొట్టించారు వదినా?" అనేవారు. కొన్నాళ్లకు శనివారాలు ఆగిపోయాయి. ఎవరైనా రమ్మంటే "ఆయన్ని అడగండి, నాకు ఇంజన్ల సంగతి తెలీదు," అనేది. తాళాలు గోడ కొక్కేనికే ఉండిపోయాయి. మార్కెట్‌కి, పాప స్కూలుకి, డాక్టరు దగ్గరికి అన్నిటికీ ఎల్ఆర్‌టీ రైలు, బస్సు. వానలో తడిసొచ్చినా తాళం వైపు చూసేది కాదు. నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడు చెప్పెయ్యడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే నా పేరు పోతుందని నోరు మూసుకున్నాను. చెప్పుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

ఆ మూసిన నోరు కొన్నేళ్ల తర్వాత తెరిపించింది మా అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. ఇప్పుడు జూనియర్ కాలేజీలో సైన్సు చదువుతోంది. తెలుగులో మొదలుపెట్టిన మాటని సింగపూర్ ఇంగ్లీషులో ముగిస్తుంది, ఇక్కడివాళ్లలాగే చివర ఒక 'లా' తగిలిస్తుంది. ఒకరోజు బంకులో కారు ఆపగానే అడిగింది.

"నాన్నా, నైంటీ ఎయిట్‌కి రియల్లీ డిఫరెన్స్ ఉందా? నా ఫ్రెండ్ వాళ్ల డాడీ ఆల్ సేమ్ వన్ అంటాడు."

"వాళ్ల డాడీ ఏం చేస్తాడు?"

"టీచర్."

"మరి నేను?"

"ఓకే, టెస్ట్ చేద్దాం లా. నువ్వు షాపు లోపలికి వెళ్లి కాఫీ కొనుక్కో. ఏది పోయాలో పంపు అంకుల్‌కి నేను చెప్తా. డ్రైవ్ చేసి నువ్వు గెస్ చెయ్యి."

నాకు సరదాగానే అనిపించింది. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా ఈ ఆట ఆడాం. నేను లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడేవాణ్ణి. తిరిగొచ్చి, ఎత్తులెక్కించి, హైవే మీద తొక్కి చూసి, గంభీరంగా తీర్పు చెప్పేవాణ్ణి. మొదటిసారి "ఇది నెయ్యే" అన్నాను. మా అమ్మాయి ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆఖరిసారి కూడా అయ్యాక, కారు మా బ్లాకు కార్‌పార్కులో ఆపగానే ఫలితం చెప్పింది.

"నాన్నా, కన్ఫర్మ్ ఫెయిల్. తేలిపోతోంది అన్న ప్రతిసారీ నైంటీ ఫైవ్. బరువుగా ఉంది అన్నావే, అది నీ నెయ్యి!"

పడీపడీ నవ్వింది. నేనూ నవ్వబోయాను. వెనక సీట్లో నా భార్య ఉంది, సంచీ ఒళ్లో పెట్టుకుని. ఆవిడ నవ్వలేదు.

"మరి అప్పుడు నా నైంటీ ఫైవ్‌కి ఎందుకు కుదిపింది?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. పాత స్టాకు అనో, ఆ బంకే మంచిది కాదనో అనొచ్చు. అద్దంలో ఆవిడ కళ్లు కనిపిస్తున్నాయి.

"ప్లగ్గులు అరిగిపోయాయి," అన్నాను. "మార్పించాను."

"ఎప్పుడు?"

"నైంటీ ఎయిట్ పోయించిన రోజే. పోయించడానికి ముందు."

"అంటే మీకు తెలుసు."

"తెలుసు."

మా అమ్మాయి "నాన్నా..." అని ఆగిపోయింది. నా భార్య అరవలేదు. "నేను బస్సు కోసం పరిగెడుతుంటే పైనుంచి చూసేవారు కదా, కిటికీలోంచి," అంది. తలుపు తీసుకుని దిగి లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఆ రోజుల్లోనే నేను మొదటిసారి పెట్రోలు గురించి సరిగ్గా చదివాను. కారుతో ఇచ్చిన పుస్తకం ముందు చదివాను. మా బండికి 95 సరిపోతుందని అందులో ఉంది, ట్యాంకు మూత లోపల కూడా అంటించి ఉంది. కొన్నప్పటినుంచీ ఉంది. ఆ అంకె పెట్రోలు బలం కాదు. ఇంజను లోపల ఒత్తిడికి గురైనప్పుడు, నిప్పు తగలకముందే తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె. గట్టిగా ఒత్తిపెట్టే ఇంజన్లు, కొన్ని టర్బో బండ్లు ఉంటాయి. వాటికి 98 కావాలని తయారుచేసినవాళ్లే చెబితే అదే పోయాలి, లాభమూ ఉంటుంది. మా కారులాంటి వాటికి ఆ ఓర్పు ఎక్కువైనా ఇంజను వాడుకోలేదు. ఖరీదైనవాటిలో లోపల శుభ్రం చేసే మందులు ఎక్కువ కలుపుతారంటారు. దీర్ఘకాలంలో కొంత మేలు ఉండొచ్చు, లేదనను. కానీ ఏ పెట్రోలూ అరిగిన ప్లగ్గుని కొత్తది చెయ్యదు.

ఇదంతా నా భార్యకు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెప్తారు? నన్ను నలుగురిలో అన్నారు. ఆ నలుగురికీ చెప్పండి."

"చెప్తే మళ్లీ నడుపుతావా?"

"అది నా ఇష్టం. బేరం పెట్టకండి."

ఆ నెల అందరం కలిసింది కిరసనాయిలు జోకు వేసిన మిత్రుడి ఇంట్లోనే. భోజనాలు మొదలుకాకముందే టీవీ ఆపమన్నాను. వంటింటి గుమ్మం దగ్గరున్న ఆడవాళ్లని కూడా ఇటు రమ్మన్నాను. ఏదో శుభవార్త అనుకున్నారో ఏమో, ఒకావిడ పిల్లల్ని కూడా పిలుచుకొచ్చింది. నా పని నీళ్ల పంపులదని, పెట్రోలు సంగతి నాకేమీ తెలియదని, ప్లగ్గులు మార్పించి ఆ ఘనత నైంటీ ఎయిట్‌కి కట్టబెట్టానని, మా ఆవిడ పోయించిన పెట్రోలులో ఏ తప్పూ లేదని చెప్పాను. చెప్పడం అనుకున్నంత బాగా రాలేదు.

ముందుగా బ్యాంకులో పనిచేసే మిత్రుడు తేరుకున్నాడు.

"అయితే సార్, ఇన్నేళ్లూ మా బండ్లకి ఊరికే నెయ్యి తాగించారన్నమాట!"

"బండికి కొలెస్ట్రాల్ వచ్చుంటది చూపించు," అంది వాళ్లావిడ.

నవ్వులు లేచాయి. ఈసారి నా మీద. వాటిలో నాకు బరువేమీ అనిపించలేదు. ఇంటాయన మాత్రం నవ్వకుండా నా భార్య దగ్గరికి వెళ్లాడు.

"వదినగారూ, ఆ రోజు నేను కూడా నోరు జారాను."

"పర్లేదు అన్నయ్యగారూ," అంది ఆవిడ. "కాకపోతే ఒక్కరోజు కాదు, చాలా రోజులు జారారు."

ఆయన చెవులు పట్టుకున్నాడు. పక్కనున్న ఒకమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యేసి, "అయితే అక్కా, ఈ శనివారం వెళ్దామా?" అంది.

"ఉండవే, ముందు నన్ను రోడ్డెక్కనియ్యి."

నేర్పించడానికి నేను పక్కన కూర్చుంటానన్నాను. "మీరు పక్కనుంటే నా కాలు బ్రేకు మీంచి లేవదు," అంది. ఒక మలయ్ ఆవిడ, డ్రైవింగ్ టీచరు, కొన్ని వారాలు వచ్చి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగితే మొదట్లో భుజాలు ఎగరేసేది. ఒకరోజు అడగకుండానే, పక్క లేన్‌లోకి మారడానికి చోటివ్వని లారీవాణ్ణి తిడుతూ ఇంట్లోకి వచ్చింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న ఆదివారం పొద్దున తాళాలు తీసుకుంది. నేను చెప్పులేసుకుని వెంట వెళ్లాను. కార్‌పార్కు నాలుగో అంతస్తులో మా బండి. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆవిడ అద్దాలు సరిచేసుకుంది, సీటు ముందుకి జరుపుకుంది. తర్వాత చేతులు స్టీరింగ్ మీదే ఉంచి అంది.

"మీరు దిగండి."

"ఒక్కదానివేనా?"

"ఊఁ."

దిగాను. ఎక్కడికని అడగలేదు. కారు నెమ్మదిగా వెనక్కి వచ్చి, స్తంభానికి చాలా దూరంగా తిరిగి, ర్యాంపు దిగింది. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందకి చూశాను. గేటు దాటి రోడ్డు అంచున ఎడమ లైటు వేసుకుని ఆగి ఉంది. ఒక బస్సు వెళ్లింది, వెనకే రెండు ట్యాక్సీలు. వెళ్లొచ్చు అనిపించిన చోట కూడా ఆవిడ వెళ్లలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. రోడ్డు తనకు నచ్చినంత ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు కదిలింది.